పెత్తనం లేని పెద్దరికం

ఐక్యరాజ్య సమితి అనగానే పత్రికా పాఠకులకు ముందుగా గుర్తొచ్చేది భద్రతా మండలి. యుద్ధం, కాల్పుల విరమణ, ఆంక్షలు, వీటో వంటి పతాక శీర్షికలకు ఎక్కే మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి కాబట్టి అది సహజం కూడా. అయితే అదే సమితిలో, అదే చార్టర్ కింద, భద్రతా మండలితో పాటు ప్రధానాంగంగా ఏర్పడిన మరో మండలి ఉంది. దాని పేరు ఆర్థిక, సామాజిక మండలి; ఆంగ్ల నామంలోని అక్షరాలను కుదించి దాన్ని ఎకోసాక్ అని కూడా పిలుస్తారు. ఆకలి, ఆరోగ్యం, చదువు, ఉపాధి, స్త్రీల స్థితిగతులు, మాదకద్రవ్యాల నియంత్రణ, జాతీయాదాయపు లెక్కలు, ప్రమాదకర రసాయనాల రవాణా వరకు దాని పరిధిలోకి రాని విషయం అరుదు. ఇంత విస్తృతమైన పరిధి ఉన్న ఈ మండలికి ఏ దేశాన్నీ ఆదేశించే అధికారం లేదు, శిక్షించే మార్గం లేదు, పంచిపెట్టడానికి పెద్ద నిధి కూడా లేదు. అలాంటప్పుడు అది ప్రపంచ దేశాల విధానాలను ఒక తాటిపైకి ఎలా తేగలుగుతోంది, ఎక్కడ తేలేకపోతోంది అన్నది తెలుసుకోవలసిన విషయం.

యుద్ధం నేర్పిన పాఠం

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జెనీవా కేంద్రంగా ఏర్పడిన నానాజాతి సమితి ప్రధానంగా శాంతి పరిరక్షణ కోసం పుట్టినదే అయినా, అది కాస్తో కూస్తో విజయం సాధించినది మాత్రం ఆరోగ్యం, శరణార్థుల సహాయం, గణాంకాలు వంటి రంగాలలోనే. ఈ అనుభవాన్ని ఆధారం చేసుకుని ఆస్ట్రేలియా నాయకుడు స్టాన్లీ బ్రూస్ అధ్యక్షతన ఒక కమిటీ 1939 ఆగస్టులో ఒక నివేదిక సమర్పించి, ఆర్థిక, సామాజిక వ్యవహారాలకు విడిగా ఒక కేంద్ర కమిటీ ఉండాలని సూచించింది. కాని నెల తిరగకుండానే రెండవ ప్రపంచ యుద్ధం మొదలై ఆ సూచన అటకెక్కింది. 1929 నాటి ఆర్థిక మాంద్యం, దాని వెంట వచ్చిన నిరుద్యోగం నియంతలకు ఎలా దారి చేశాయో కళ్లారా చూసిన తరం, యుద్ధానంతరం కొత్త సమితిని నిర్మించే వేళ, కడుపు నిండని చోట శాంతి నిలవదన్న సంగతిని చార్టర్‌లోనే రాసుకుంది. దేశాల మధ్య స్నేహ సంబంధాలకు సుస్థిరత, ప్రజా సంక్షేమం అవసరమని 55వ అధికరణం చెప్పే మాటకు మూలం ఇదే.

1944లో అగ్రరాజ్యాలు డంబార్టన్ ఓక్స్‌లో తయారుచేసిన ముసాయిదాలో ఆర్థిక, సామాజిక మండలికి ప్రధానాంగ హోదా లేదు. మరుసటి సంవత్సరం శాన్ ఫ్రాన్సిస్కో మహాసభలో చిన్న దేశాలు పట్టుబట్టిన మీదట దానికి ఆ హోదా దక్కింది. ఈ విషయాలను చర్చించిన కమిటీకి అధ్యక్షత వహించినవాడు భారత ప్రతినిధి ఆర్కాటు రామస్వామి మొదలియార్. 1887లో కర్నూలులో ఒక తమిళ కుటుంబంలో జన్మించి, ఆ ఊరి బడిలోనే చదువుకున్న ఈ రాజనీతిజ్ఞుడు, 1946 జనవరి 23న లండన్‌లోని చర్చ్ హౌస్‌లో మండలి తొలిసారి సమావేశమైనప్పుడు దాని మొదటి అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. అప్పటికి భారతదేశం ఇంకా బ్రిటిష్ పాలన కిందే ఉన్నదని గుర్తుచేసుకుంటే ఈ ఎన్నిక ఎంత విచిత్రమైనదో బోధపడుతుంది.

ఆయన అధ్యక్షుడిగా ఉన్న ఆ తొలి నెలల్లోనే మండలి ఒక అంతర్జాతీయ ఆరోగ్య మహాసభకు పిలుపునిచ్చింది. 1946 జూన్, జులై నెలల్లో న్యూయార్క్‌లో జరిగిన ఆ సభలో 61 దేశాలు సంతకం చేసిన నియమావళే ప్రపంచ ఆరోగ్య సంస్థకు పునాది. రామస్వామి మొదలియార్ కవల సోదరుడు, వైద్యుడు లక్ష్మణస్వామి మొదలియార్ ఆ ఆరోగ్య సంస్థ తొలి సంవత్సరాల్లో ప్రముఖ పాత్ర వహించడం మరో విశేషం.

యాభై నాలుగు కుర్చీలు

మండలిలో మొదట 18 సభ్యదేశాలుండేవి. ఆసియా, ఆఫ్రికా ఖండాలలో వలస పాలన అంతమై కొత్త దేశాలు సమితిలో చేరేకొద్దీ తమకూ చోటు కావాలన్న ఒత్తిడి పెరగడంతో చార్టర్‌ను రెండుసార్లు సవరించి, 1965లో ఆ సంఖ్యను 27కు, 1973లో 54కు పెంచారు. వీటిలో ఆఫ్రికాకు 14, పశ్చిమ ఐరోపా, తదితర దేశాలకు 13, ఆసియా-పసిఫిక్‌కు 11, లాటిన్ అమెరికా-కరీబియన్‌కు 10, తూర్పు ఐరోపాకు 6 స్థానాలు కేటాయించారు. సమితి సభ్యదేశాలన్నీ కూర్చునే సాధారణ సభ ఏటా 18 దేశాలను మూడేళ్ల పదవీకాలానికి ఎన్నుకుంటుంది. పదవీకాలం ముగిసిన దేశం వెంటనే మళ్లీ పోటీ చేయవచ్చు. శాశ్వత సభ్యత్వం, వీటో అన్నవి ఇక్కడ లేవు. దేశం పెద్దదైనా చిన్నదైనా ఒకటే ఓటు, హాజరై ఓటు వేసినవారిలో అధిక సంఖ్యాకుల మాటే నిర్ణయం.

ఓటు సమానమే గాని, ఆ ఓటుతో వెలువడే నిర్ణయానికి ఉన్న బలం పరిమితం. భద్రతా మండలి తీర్మానాన్ని పాటించడం సభ్యదేశాల విధి అని చార్టర్ చెబుతుంది. ఆర్థిక, సామాజిక మండలి విషయంలో మాత్రం అధ్యయనాలు చేయించడం, నివేదికలు తెప్పించుకోవడం, సిఫార్సులు చేయడం, ఒప్పందాల ముసాయిదాలు తయారుచేయడం, అంతర్జాతీయ మహాసభలకు పిలుపునివ్వడం అన్న పనులను మాత్రమే అప్పగిస్తుంది. అంటే ఊరి తగవు తీర్చే పెద్దమనిషికి ఉండే గౌరవమే తప్ప, అమీనాకు ఉండే అధికారం దీనికి లేదు.

ఎవరి కుంపటి వారిది

మండలి నిర్వహించవలసిన బాధ్యతల్లో కెల్లా చిక్కైనది సమన్వయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కో వంటి పదిహేను సంస్థలను సమితి పరిభాషలో ప్రత్యేక సంస్థలు అంటారు. ఇవి సమితి శాఖలు కావు. ఒక్కొక్క దానికి సొంత నియమావళి, సొంత సభ్యత్వం, సొంత బడ్జెట్ ఉన్నాయి. వీటిని సమితితో ముడివేసే ఒప్పందాలు కుదుర్చుకున్నది ఈ మండలే అయినా, వాటి పనిని సంప్రదింపుల ద్వారా, సిఫార్సుల ద్వారా మాత్రమే సమన్వయపరచాలని 63వ అధికరణం గిరి గీసింది. అందువల్ల 1946లోనే మండలి కోరిక మేరకు సమితి ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఈ సంస్థల అధిపతులందరూ ఒకచోట కూర్చునే ఒక కమిటీ ఏర్పడింది; అది ఇప్పటికీ కొత్త పేరుతో కొనసాగుతోంది.

ఈ సమన్వయం ఫలించిన సందర్భానికి ఎయిడ్స్ చక్కని ఉదాహరణ. 1990ల తొలినాళ్లకు ఆ వ్యాధిని ఆరోగ్య సంస్థ వైద్య సమస్యగా, యునిసెఫ్ పిల్లల సమస్యగా, యునెస్కో అవగాహన సమస్యగా, ప్రపంచ బ్యాంకు అభివృద్ధి సమస్యగా చూస్తూ, ఎవరి కుంపటి వారు వెలిగించుకుని ఒకే దేశంలో విడివిడిగా కార్యక్రమాలు నడుపుతుండేవారు. మండలి 1994లో తీర్మానం చేసి ఆరు సంస్థలను ఒకే ఉమ్మడి కార్యక్రమం కిందికి తెచ్చింది. 1996 జనవరిలో పని ప్రారంభించిన ఆ కార్యక్రమమే యుఎన్‌ఎయిడ్స్. ఒక వ్యాధిని ఎదుర్కోవడానికి ఇన్ని సంస్థలు ఒక ఉమ్మడి గొడుగు కిందికి రావడం సమితి చరిత్రలో అదే మొదటిసారి. అప్పట్లో ఆ వ్యాధి ఉధృతి అధికంగా ఉన్న భారత రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

కొలబద్ద తయారుచేసేవారు

మండలి ఏటా కొన్ని వారాలపాటు మాత్రమే సమావేశమవుతుంది. మిగతా కాలమంతా పనిచేసేవి దాని కింద ఉన్న కమిషన్లు, నిపుణుల కమిటీలు. 1946లో ఏర్పడిన మానవ హక్కుల కమిషన్ ఎలీనార్ రూజ్‌వెల్ట్ అధ్యక్షతన రూపొందించిన ముసాయిదానే 1948 డిసెంబరు 10న సాధారణ సభ మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనగా ఆమోదించింది. అందులో మొదటి అధికరణం పురుషవాచకంతో మొదలుకాకుండా మానవులందరినీ కలుపుకునే మాటతో మొదలుకావడానికి కారణం భారత ప్రతినిధి హంసా మెహతా పట్టుదల. ఆ కమిషన్ 2006లో మానవ హక్కుల మండలిగా మారి సాధారణ సభ కిందికి వెళ్లినా, స్త్రీల స్థితిగతుల కమిషన్, మాదకద్రవ్యాల కమిషన్, సామాజికాభివృద్ధి కమిషన్ నేటికీ ఆర్థిక, సామాజిక మండలి కిందే ఉన్నాయి.

వీటన్నిటిలో తక్కువ పేరు, ఎక్కువ ప్రభావం ఉన్నది గణాంక కమిషన్. ఒక దేశపు ఆదాయాన్ని లెక్కించే పద్ధతి మరో దేశపు పద్ధతితో సరిపోలకపోతే ఏది పేద దేశమో, ఏది ఎదుగుతున్న దేశమో పోల్చి చెప్పడం సాధ్యం కాదు. ఈ చిక్కును తీర్చడానికి 1953లో సమితి ప్రచురించిన జాతీయ లెక్కల విధానం పలుమార్లు సవరణ పొందుతూ వచ్చింది. నేడు పత్రికలలో తరచుగా కనిపించే స్థూల దేశీయోత్పత్తి, అంటే జీడీపీ అంకెను, భారతదేశం సహా ప్రపంచమంతా ఆ విధానం ప్రకారమే లెక్కిస్తోంది. ఈ కమిషన్ కింద 1947లో ఏర్పడిన నమూనా సర్వేల ఉపసంఘానికి అధ్యక్షత వహించినవాడు భారత గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్.

లెక్క కుదిరాక వచ్చేది జాబితా. ప్రపంచంలో అత్యంత వెనుకబడిన దేశాలను గుర్తించి, వాటి సరుకులకు సుంకం లేని మార్కెట్లు, చౌక రుణాలు వంటి వెసులుబాట్లు కల్పించాలన్న ఆలోచనతో 1971లో ఒక జాబితా ఏర్పడింది. మూడేళ్లకోసారి ఈ జాబితాను పరిశీలించేది మండలి కింద పనిచేసే 24 మంది నిపుణుల అభివృద్ధి విధాన కమిటీ. తలసరి ఆదాయం, ఆరోగ్యం-విద్యల స్థాయి, ఆర్థిక-పర్యావరణ ముప్పులకు లోనయ్యే తీరు అన్న మూడు ప్రమాణాలతో అది సిఫార్సు చేస్తే, మండలి దాన్ని సమర్థించి సాధారణ సభకు పంపుతుంది. అంకెల మీదే నడిచే ఈ పద్ధతికి కూడా అంకెకు అందని సందర్భాలు ఎదురవుతాయి. మాల్దీవులు ఆ జాబితా నుంచి బయటకు వచ్చే స్థితికి చేరుకున్నదని 2004 డిసెంబరు 20న సాధారణ సభ నిర్ణయించగా, సరిగ్గా ఆరు రోజులకు వచ్చిన సునామీ ఆ దీవులను ముంచెత్తింది. ఆ తరువాత గడువును వాయిదా వేయవలసి వచ్చి, చివరకు 2011 జనవరి 1న గాని ఆ దేశం జాబితా నుంచి బయటపడలేదు. జాబితాలోంచి బయటకు రావడం గౌరవమే అయినా, వెసులుబాట్లు పోగొట్టుకోవడం కూడా కనుక చిన్న దేశాలు ఆ రోజు కోసం ఆశతోను, భయంతోను ఎదురుచూస్తాయి.

ట్యాంకరు వెనుక నాలుగంకెలు

మండలి మాట సామాన్యుడి కంటికి ఎదురుగా కనిపించేది రోడ్డు మీద. విశాఖపట్నం చమురు శుద్ధి కర్మాగారం వైపు నుంచి వచ్చే వంటగ్యాస్ ట్యాంకరు వెనుక, పక్కల అతికించిన పలకను గమనిస్తే, అందులో 1075 అన్న నాలుగంకెల సంఖ్య, దాని దగ్గర మంట గుర్తుతో ఎర్రని డైమండు ఆకారపు చీటీ కనిపిస్తాయి. అదే పెట్రోలు ట్యాంకరైతే ఆ సంఖ్య 1203, డీజిలైతే 1202. దేశం ఏదైనా, భాష ఏదైనా ఆ సంఖ్యల అర్థం మారదు. ట్యాంకరు బోల్తాపడిన చోటికి పరుగెత్తుకొచ్చిన అగ్నిమాపక సిబ్బందికి లోపల ఏముందో, నీళ్లు చల్లవచ్చునో లేదో తేల్చుకోవడానికి మొదటి ఆధారం అదే.

ఈ సంఖ్యలను నిర్ణయించేది ప్రమాదకర సరుకుల రవాణాపై మండలి 1950లలో నియమించిన నిపుణుల కమిటీ. జెనీవాలో సమావేశమయ్యే ఈ కమిటీ తన సిఫార్సులను రెండేళ్లకోసారి సవరించి ప్రచురిస్తుంది. అట్ట రంగును బట్టి ఆ గ్రంథాన్ని నారింజ పుస్తకం అని పిలవడం ఆ రంగంలో వాడుక. పేరులోనే చెప్పినట్లు అవి సిఫార్సులు మాత్రమే. కాని సముద్ర రవాణాకు, విమాన రవాణాకు నియమాలు చేసే అంతర్జాతీయ సంస్థలు వాటిని తమ నియమాల్లోకి తీసుకున్నాయి. భారతదేశం 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలో ఆ పలకను తప్పనిసరి చేసింది. ఇలా జెనీవాలో సిఫార్సుగా పుట్టిన మాట విశాఖ రోడ్డు మీదికి వచ్చేసరికి చట్టం అయింది. ఎవరూ ఎవరినీ శాసించకుండానే ప్రపంచమంతా ఒకే పద్ధతి ఎలా పాటించగలదో తెలుసుకోవడానికి ఇంతకన్న తేటతెల్లమైన నిదర్శనం దొరకదు.

ఖండాల వారీగా మండలి ఏర్పరచిన అయిదు ప్రాంతీయ సంఘాలు కూడా ఈ కోవకే చెందుతాయి. ఆసియా కోసం 1947లో షాంఘైలో మొదలైన సంఘం 1949లో బ్యాంకాక్‌కు మారింది. దాని తొలి కార్యనిర్వాహక కార్యదర్శి భారత ఆర్థికవేత్త పి.ఎస్. లోకనాథన్; 1948లో ఒక సమావేశం ఊటీలోనే జరిగింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు ఆలోచన, ఆసియా హైవేల పథకం పుట్టినవి ఈ సంఘంలోనే. ఆ పథకంలో 43వ నంబరు రహదారి ఆగ్రా నుంచి నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు మీదుగా దక్షిణానికి సాగిపోతూ, మొదలియార్ పుట్టిన కర్నూలు పక్కగానే వెళుతుంది. 45వ నంబరు రహదారి కోల్‌కతా నుంచి విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై చేరుతుంది.

ప్రజల గొంతు, దేశాల జవాబుదారీ

ప్రభుత్వాలు మాత్రమే కూర్చునే సమితిలో ప్రభుత్వేతర సంస్థలకు అధికారికంగా తలుపు తెరిచినది ఈ మండలే. 71వ అధికరణం ఇచ్చిన అధికారంతో అది స్వచ్ఛంద సంస్థలకు సంప్రదింపుల హోదా ఇస్తుంది; ఈ హోదా ఉన్న సంస్థ సమావేశాలకు హాజరు కావచ్చు, లిఖితపూర్వక ప్రకటనలు సమర్పించవచ్చు, కొన్ని సందర్భాలలో మాట్లాడవచ్చు, ఓటు మాత్రం ఉండదు. మొదట్లో నలభైకి అటూ ఇటూగా ఉన్న ఈ సంస్థల సంఖ్య ఇప్పుడు ఆరు వేలు దాటింది. దరఖాస్తులను పరిశీలించే 19 దేశాల కమిటీలో, తమకు గిట్టని సంస్థల దరఖాస్తులను కొన్ని ప్రభుత్వాలు ప్రశ్న మీద ప్రశ్న వేసి ఏళ్ల తరబడి నాన్చుతున్నాయన్న విమర్శ కూడా ఉంది.

2015 సెప్టెంబరులో సాధారణ సభ ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల అమలును సమీక్షించే ఉన్నతస్థాయి రాజకీయ వేదిక ఏటా జులైలో ఈ మండలి ఆధ్వర్యంలోనే సమావేశమవుతుంది. అక్కడ దేశాలు తమ ప్రగతిని తామే అంచనా వేసుకుని స్వచ్ఛంద జాతీయ సమీక్ష పేరిట నివేదిక సమర్పిస్తాయి. భారతదేశం 2017లోను, 2020లోను అలాంటి సమీక్షలు సమర్పించింది. నీతి ఆయోగ్ 2018 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా అన్ని రాష్ట్రాలకు ఈ లక్ష్యాల సాధనపై ఇస్తున్న మార్కుల వెనుక ఉన్న సూచికల చట్రానికి మూలం కూడా మండలి గణాంక కమిషన్ సిద్ధపరచిన ప్రపంచ సూచికల పట్టికే.

పెద్దరికం చెల్లని చోటు

ఇంత చేసినా మండలి తన పుట్టుకనాటి ఆశయాన్ని అందుకున్నదని చెప్పడానికి వీల్లేదు. అంతర్జాతీయ ద్రవ్యనిధి, ప్రపంచ బ్యాంకు పేరుకు ప్రత్యేక సంస్థలే అయినా, 1947లో కుదిరిన ఒప్పందాల్లోనే తమ స్వతంత్రతను గట్టిగా రాయించుకున్నాయి. అక్కడ ఓటు బలం దేశం పెట్టిన పెట్టుబడిని బట్టి ఉంటుంది కనుక, ఒక దేశానికి ఒకే ఓటు ఉన్న మండలి మాట వినవలసిన అగత్యం వాటికి కలగలేదు. మండలి పిలుపుతో 1947-48లో హవానాలో జరిగిన మహాసభ అంతర్జాతీయ వాణిజ్య సంస్థను ప్రతిపాదించగా, అమెరికా చట్టసభ ఆమోదం దొరక్క ఆ సంస్థ పుట్టకుండానే పోయింది. 2008లో ప్రపంచాన్ని కుదిపిన ఆర్థిక సంక్షోభానికి మందు వెదకడానికి పెద్ద దేశాల అధినేతలు కూర్చున్నది వాషింగ్టన్‌లో జి-20 పేరిటే గాని, ఈ మండలిలో కాదు. దీనికి బదులు అధికారాలున్న ఆర్థిక భద్రతా మండలిని ఏర్పరచాలని 1990లలో వచ్చిన ప్రతిపాదనలు కాగితం దాటలేదు. చార్టర్ సవరణకు మూడింట రెండు వంతుల దేశాల ఆమోదంతో పాటు అయిదు శాశ్వత సభ్యదేశాల ఆమోదమూ తప్పనిసరి కావడం అందుకు ఒక కారణం.

సుస్థిరాభివృద్ధి లక్ష్యాల విషయంలోనూ పరిస్థితి ఆశాజనకంగా లేదు. 2030 నాటికి సాధించవలసిన ఉపలక్ష్యాల్లో అంచనాకు అందిన వాటిలో సుమారు 17 శాతమే సరైన దారిలో ఉన్నాయని 2024లో సమితి ప్రచురించిన నివేదిక తేల్చింది. జులై వేదికపై దేశాలు తమ గెలుపులను విస్తారంగా, లోపాలను క్లుప్తంగా చెప్పుకుని వెళ్లిపోతాయి. తన మార్కులు తానే వేసుకునే విద్యార్థిని మందలించే అధికారం మండలికి లేదు.

ఎనిమిది దశాబ్దాల చరిత్రను కూడి చూస్తే తేలేది ఒక్కటే. ఒప్పుకుంటే అందరికీ మేలు జరిగే చోట, అంటే కొలతలు, గుర్తులు, జాబితాలు, రోడ్ల నంబర్లు, వ్యాధి నివారణ వంటి పనుల్లో, ఈ మండలి మాట ప్రపంచమంతటా చెల్లింది. ఒకరు వదులుకుంటే తప్ప మరొకరికి దక్కని చోట, అంటే అప్పు, వాణిజ్యం, పెట్టుబడి వంటి విషయాల్లో, అది గొంతు అరిగేలా చెప్పి ఊరుకోవలసి వచ్చింది. ప్రభుత్వాలను నిలదీసే అధికారం దానికి లేదు గాని, అది ప్రభుత్వాల చేత బహిరంగంగా రాయించిన నివేదికలున్నాయి. దేశం జులైలో చదివి వినిపించిన నివేదికలోని అంకెను తమ ఊరి బడితోను, ఆసుపత్రితోను, మంచినీళ్ల కుళాయితోను పోల్చి చూసి, తేడా ఉంటే అడిగే హక్కు పౌరులకు ఉంది. మండలి చేయలేని ఆ పనిని చేయవలసినది నివేదిక చదివే పాఠకులే.